రాణిగారికి కుదిర్చిన సంబంధం

ఫ్రాన్సు దేశపు రాణిగారికి జాతకం చూసి సంబంధం కుదిర్చిన తెలుగు మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదీ ఎప్పుడు? ఆవిడ పెళ్ళయి రెండు వందల యాభై ఏళ్ళు దాటాక, మొగుడూ పెళ్ళాం ఇద్దరి తలలూ తెగిపడ్డాక. టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో, మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఐదుగురు ఆడవాళ్ళ ముందు గొంతెత్తి మరీ చెప్పాను, ఇంత మంచి పొంతన ఈ మధ్యకాలంలో చూడలేదని. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఎవరైనా నవ్వితే కొట్టేలా ఉన్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. పగలు పళ్ళ డాక్టరు ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ దగ్గర పని చేస్తాను. ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, పంటి నొప్పితో వచ్చి నా మీద అరిచేవాళ్ళ మీద తిరిగి అరవకుండా ఉండటం నా ఉద్యోగం. ఆ చివరిది నా స్వభావానికి సరిపడదు కాబట్టి ఇంటికొచ్చాక మా ఆయన మీద అరుస్తాను. సాయంత్రాలు జాతకాలు కుదురుస్తాను. అది మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి మాట కదిలినా రెండు కాగితం ముక్కలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. పంచాంగంలో గుణమేళన పట్టిక అని ఒకటుంటుంది. అడ్డంగా అమ్మాయి నక్షత్రాలు, నిలువుగా అబ్బాయి నక్షత్రాలు, రెండూ కలిసే గడిలో ఒక అంకె. ముప్పై ఆరుకి పద్దెనిమిది దాటితే పాస్. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ పట్టిక నాకు ఎక్కాల్లా నోటికొచ్చేసింది. మగపిల్లాడు లేడు కాబట్టి నాన్నగారు నాకే నేర్పారు. నేర్పాక గర్వపడ్డారు కూడా.

ఇప్పుడు ఫోన్లో ఆప్‌లు వచ్చాయి. అయినా వేరే రాష్ట్రాల్లో ఉన్న చాండ్లర్ నుంచి, షాంటిలీ నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆప్ అంకె చెప్తుంది కానీ ధైర్యం చెప్పదు కదా. నేను రెండూ చెప్తాను. రూపాయి తీసుకోను, అందుకని మొహమాటమూ పెట్టుకోను. కుదరకపోతే కుదరలేదని మొహం మీదే చెప్పేస్తాను. దానివల్ల నాతో మాట్లాడటం మానేసినవాళ్ళు ఇర్వింగ్‌లోనే ముగ్గురున్నారు. ఇండియన్ గ్రోసరీలో ఎదురుపడితే బెండకాయల వైపు తిరిగి నిలబడతారు.

ఇక మా అమ్మాయి. మాకు అదొక్కతే. మూడేళ్ళ పిల్లగా ఇక్కడికొచ్చింది, ఇప్పుడు ఇరవై ఎనిమిది. ఏడో క్లాసులో స్కూలు ప్రాజెక్టుకని ఆ ఫ్రెంచి రాణి గురించి చదవడం మొదలుపెట్టింది. నా దగ్గరున్న దూదంతా అయిపోయేదాకా విగ్గు కట్టి, దాని మీద అట్టముక్కతో ఓడ చేసి నిలబెట్టింది. ఆ రోజుల్లో నిజంగానే అలా జుట్టు మీద ఓడలు పెట్టుకుని తిరిగేవాళ్ళట. ప్రాజెక్టు అయిపోయింది, పిచ్చి మాత్రం పోలేదు. కప్పు మీద ఆ రాణి, దిండు మీద ఆ రాణి, ఫోన్ కవర్ మీద ఆ రాణి. అందరి పిల్లలూ మొదటి జీతంతో తల్లికి చీర కొంటారు. ఇది పారిస్ వెళ్ళి, ఆవిడని చివర్లో పెట్టిన జైలు గది చూసి, నాకు ఆ గది బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చిపెట్టింది. పాల బిల్లు దాని కిందే అంటిస్తున్నాను.

దీనికొక్కదానికే పిచ్చి అనుకుని ఊరుకున్నాను. కానీ అది అంటుజబ్బని నాకు తెలియలేదు. శనివారాలు మా ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళు చేరి లలితా సహస్రనామం చదువుతారు, తరువాత టీ తాగుతారు. మా ఊళ్ళోనే లాస్ కాలినాస్ వైపు వేరే అపార్ట్‌మెంట్ తీసుకుని ఉంటున్న మా అమ్మాయి ఆ వేళకి ఇంటికొచ్చి, హాల్లో కూర్చుని ఆ రాణి మీద తీసిన సీరియల్ ఏదో పెట్టుకుని చూస్తుండేది. మొదటి వారం మా వాళ్ళు టీ కప్పులు పట్టుకుని నిలబడి చూశారు. రెండో వారం కూర్చుని చూశారు. మూడో వారం సహస్రనామం ఎన్నడూ లేనంత వేగంగా పూర్తయింది.

ఏముందయ్యా ఆ కథలో అంటే, అంతా పెళ్ళి గొడవే. పద్నాలుగేళ్ళ పిల్ల, పదిహేనేళ్ళ పిల్లాడు. ఒకరినొకరు చూసుకోలేదు. రెండు దేశాల పెద్దలు కుదుర్చుకున్న సంబంధం. సరిహద్దు దగ్గర పిల్లని అప్పగించేటప్పుడు పుట్టింటి బట్టలన్నీ విప్పించి, అత్తింటి బట్టలు కట్టించి తీసుకెళ్ళారట. పెంచుకున్న కుక్కపిల్లని కూడా వెనక్కి పంపేశారట. ఆ కుక్కపిల్ల దగ్గర ఐదుగురిలో మా గుంటూరావిడ కళ్ళు తుడుచుకుంది. ఏడేళ్ళపాటు మొగుడూ పెళ్ళాల మధ్య ఏమీ లేదని దేశమంతా చెప్పుకునేవాళ్ళని మా అమ్మాయి చెప్తే, మా ఆడవాళ్ళు ఒక్క క్షణం మొహాలు చూసుకుని, తరువాత ఎవరికి తెలిసిన వైద్యం వాళ్ళు చెప్పారు. వజ్రాల హారం గొడవైతే రెండు శనివారాలు సాగింది. కొనని హారానికి ఆవిడ పేరు చెడిపోవడం మా వాళ్ళకి అర్థమైనంత బాగా ఆ ఫ్రెంచివాళ్ళకి కూడా అర్థమై ఉండదు. ప్రతి ఒక్కరి చుట్టాల్లోనూ అలాంటి హారం ఒకటుంది మరి.

రొట్టె దొరక్కపోతే కేకు తినమంది కదా, అంత పొగరుంటే తల తియ్యరా అని నేనొకసారి నోరు పారేసుకున్నాను. ఆవిడ ఆ మాట అననే లేదని, ఎవరి మీదో ఉన్న మాట తెచ్చి ఆవిడకి అంటగట్టారని మా అమ్మాయి గంటసేపు క్లాసు పీకింది. వరంగల్ ఆవిడ దాన్ని వెనకేసుకొచ్చింది. "కోడలంటే గట్లనే ఉంటది అక్కా. అనని మాటలు గూడ అన్నదే అంటరు" అంది. ఆవిడకి ముగ్గురు ఆడపడుచులున్నారు, అనుభవం మీద మాట్లాడింది.

మా ఆయనకి కథలో రాజుగారంటే ఇష్టం. ఆ రాజుగారికి తాళాలు విప్పడం, బిగించడం సరదాట. రాజ్యం ఎలా పోతోందో పట్టదు కానీ తాళం లోపల ఏముందో చూడాలి. మా ఆయన గరాజ్‌లో గడ్డి తడిపే స్ప్రింక్లర్ విప్పుకుని కూర్చుంటే గంటకి గానీ పలకరు కాబట్టి, ఆ సంగతి వినగానే మా వాళ్ళందరూ ఆయన వైపే చూశారు. ఆయన మాత్రం "మంచివాడే పాపం" అని స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళిపోయారు.

నేను మాత్రం ఆ రాణి తల్లి పక్షం. ఆవిడ పెద్ద మహారాణి, మొగుడు పోయాక కూడా దేశాన్నంతా ఏలింది. పదహారు కాన్పులు. కూతుళ్ళకి సంబంధాలు వెతకడం రాజ్యం ఏలడంలో భాగమే ఆవిడకి. పిల్లని పంపేశాక కూడా వదలకుండా ఉత్తరాలు రాస్తూనే ఉందట. అలా ఉండాలి తల్లంటే అన్నాను నేను. మా అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది.

ఆ చూపుకి కారణం ఉంది. అంతకు ఎనిమిది నెలల ముందు అది మాకొక అబ్బాయి సంగతి చెప్పింది. షాంటిలీలో ఏదో ఫ్రెండ్ పెళ్ళిలో పరిచయమట. తెలుగువాళ్ళే. చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. వంక పెట్టడానికేమీ లేదు. అప్పుడు నేను చేసిన మొదటి పని, అబ్బాయి నక్షత్రం, పాదం కనుక్కోమనడం. కనుక్కుని చెప్పింది. పట్టిక తీశాను. పదకొండున్నర. పైగా ఇద్దరిదీ ఒకే నాడి. ఏకనాడి అంటే మా నాన్నగారు కాగితం మడిచి వెనక్కి ఇచ్చేసేవారు, రెండో మాట లేదు. నేనూ అదే చేశాను. వద్దన్నాను.

మా అమ్మాయి లేచిపోయే రకమైతే నాకు సులువయ్యేది. తిట్టుకుని, ఏడ్చి, ఆర్నెల్లకి సర్దుకునేదాన్ని. అది అలా కాదు. నువ్వు సరే అనేదాకా చేసుకోనమ్మా అంది. అని, ప్రతి శనివారం వచ్చి, ఆ మాట ఎత్తకుండా, పప్పన్నం తిని వెళ్ళేది. మొహం చూస్తే మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నట్టుండేది. ఈలోగా వేసవి వచ్చింది. అబ్బాయి తల్లిదండ్రులు ఇంకెంతకాలం ఆగుతారు? ఆగస్టు నెలాఖరు లోపల ఏదో ఒకటి తేల్చమన్నారని, లేకపోతే వేరే సంబంధం చూస్తామన్నారని మా ఆయన ద్వారా తెలిసింది. దాని ఇష్టం దానికి వదిలెయ్యరాదూ అని ఆయన గొణిగితే నోరు మూయించాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఒక సాయంత్రం ఫోన్ చేసి, తెలిసినవాళ్ళ సంబంధం ఒకటుంది, పొంతన చూసి పెట్టమంది. ఎనిమిది నెలల తరువాత నా విద్య మీద గౌరవం పుట్టుకొచ్చిందని పొంగిపోయాను. ఇద్దరి నక్షత్రాలూ, పాదాలూ మెసేజ్ పెట్టింది. పుట్టిన తేదీలేవని అడగలేదు నేను. మా పెద్దవాళ్ళు సగంమంది నక్షత్రం, పాదం మాత్రమే చెప్తారు, అది నాకు అలవాటే. మిగతావన్నీ అడిగాను. అబ్బాయి ఏం చేస్తాడంటే ఫ్యామిలీ బిజినెస్, తాతగారి తరువాత ఇతనికే వస్తుంది అంది. అలవాట్లు? వేటకి వెళ్తాడు, తాళాలు రిపేరు చేస్తాడు. టెక్సాస్‌లో వేటకెళ్ళే తెలుగు కుర్రాళ్ళు నాకు తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు. తాళాల దగ్గరైనా నాకు వెలగాల్సింది, వెలగలేదు. మా ఆయన లాంటివాడే ఇంకొకడు అనుకున్నాను. అమ్మాయి తరఫు? చాలా పెద్ద కుటుంబం, వాళ్ళమ్మే అన్నీ చూసుకుంటుంది. ఇంకేం కావాలి. పట్టికలో చూస్తే అంకె ఎక్కడో పైనుంది. నాడులు వేరు. వేలెత్తి చూపించడానికి ఒక్క దోషం లేదు.

ఆ వచ్చే శనివారం మా అమ్మాయి పుట్టినరోజు. రాణిగారి టీ పార్టీ చేస్తానంది. గులాబీ రంగు చిన్న చిన్న కేకులు, మూడంతస్తుల ప్లేటు, పింగాణీ కప్పులు. మా ఐదుగురూ పట్టుచీరల్లో వచ్చారు. గుంటూరావిడ జుట్టుని కాస్త ఎత్తుగా కట్టించుకుని, అందులో నెమలీక గుచ్చుకుని వచ్చింది. కేకుల పక్కనే నేను మిరపకాయ బజ్జీలు పెడితే, ముందు అవే అయిపోయాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. అప్పుడు మా అమ్మాయి, ఆ జాతకాలు చూశావా అమ్మా అని అందరి ముందూ మామూలుగా అడిగింది.

అడిగితే నేను ఊరుకుంటానా. ఎవరి సంబంధమని వాళ్ళందరూ ముందుకు వంగారు. నేను బజ్జీ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, మా నాన్నగారి ధోరణిలో చెప్పాను. గణాల సంగతి, నాడి సంగతి వివరించి, ఇలాంటి పొంతన అరుదుగా పడుతుందన్నాను. "వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పు. కళ్ళు మూసుకుని చేసెయ్యమను" అన్నాను.

"చేసేసిందమ్మా" అంది మా అమ్మాయి. తన ఫోన్ కవర్ తిప్పి నాకు చూపించింది. "ఈవిడే పెళ్ళికూతురు."

ఆ రాణీ రాజుల పుట్టిన తేదీలు, వేళలు పుస్తకాల్లో ఉన్నాయట. వాటిని ఆప్‌లో వేసి నక్షత్రాలు తీసిందట. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా వాళ్ళకి ముందే అర్థమైంది. వరంగల్ ఆవిడకి కేకు గొంతుకడ్డం పడితే పక్కావిడ వీపు చరిచింది. గుంటూరావిడ నెమలీక ఊడిపోయేదాకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళుగా నా మాట మీద పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళున్న గదిలో, నా కన్నకూతురే నన్ను నవ్వులపాలు చేసింది. మోసమన్నాను. నువ్వడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాను కదమ్మా అంది. పుట్టినరోజని కూడా చూడకుండా తిట్టాను. అది కప్పులన్నీ కడిగి, తుడిచి, పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది.

తరువాత రెండు రోజులు ఆ అంకె మళ్ళీ మళ్ళీ చూశాను. ఆప్ తప్పు చేసిందేమోనని చేత్తో లెక్క కట్టాను. ప్రతిసారీ అదే అంకె. మూడో రోజున నాకు తెలివొచ్చింది. దానికి ఫోన్ చేసి, మా పట్టిక తప్పలేదే, వాళ్ళిద్దరూ చివరికి బాగానే కలిసున్నారని నువ్వే కదా చెప్పావు, ఆయన్ని వదిలి ఒక్కర్తినే పారిపోనందని కూడా చెప్పావు, మరి పొంతన కుదిరినట్టే కదా, దేశం బాగోలేకపోతే పట్టికదా తప్పు అన్నాను. నెగ్గానని అనుకున్నాను.

"మరయితే పట్టిక దేన్నుంచి కాపాడుతుందమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆఫీసులో మీటింగ్ ఉందని పెట్టేసింది.

ఓడిపోవడం నాకు అలవాటు లేదు. పార్టీ రోజున అది మర్చిపోయిన పుస్తకం ఒకటి సోఫాలో ఉంది. ఆ మహారాణి, కూతురు రాసుకున్న ఉత్తరాల ఇంగ్లీషు పుస్తకం, ఇటుకంత లావు. దాని పుస్తకంతోనే దాన్ని ఓడించాలని పట్టుదలతో ఆఫీసుకి పట్టుకెళ్ళి, లంచ్ టైములో చదవడం మొదలుపెట్టాను.

మొదట కడుపుబ్బ నవ్వాను. అంత పెద్ద మహారాణి, పరాయి దేశానికి కోడలిగా వెళ్ళిన కూతురికి, నువ్వు పళ్ళు కూడా సరిగ్గా తోముకోవడం లేదటగా అని రాసింది! పళ్ళ డాక్టరు ఆఫీసులో కూర్చుని ఆ ముక్క చదివి నేను నవ్విన నవ్వుకి వెయిటింగ్ రూములో ఉన్న పెద్దాయన లేచి చూశాడు. మా అమ్మాయికి నేను పెట్టే మెసేజ్‌లలో సగం ఫ్లాసింగ్ గురించే, పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకోమని. గుర్రమెక్కొద్దని ఒక ఉత్తరం. జుట్టు అంత ఎత్తు పెంచొద్దని ఒకటి. తగిన బట్టలు వేసుకోమని ఒకటి. ఇవన్నీ ఆవిడకి ఎలా తెలుసంటే, అక్కడున్న రాయబారి రహస్యంగా రాసి పంపేవాడట. మా అమ్మాయి ఆఫీసులోనే మా శనివారం జట్టులోని నెల్లూరావిడ కొడుకు పని చేస్తాడు. అది లంచ్ మానేసిందో లేదో నాకు ఆ అబ్బాయే చెప్తాడు. నాకూ ఒక రాయబారి ఉన్నాడని అప్పుడే తెలిసింది.

రెండు వారాలు చదివాను. నవ్వు తగ్గుతూ వచ్చింది. ప్రేమ లేక కాదు. ఉత్తరం నిండా ప్రేమే. ఇలా చెయ్యి, అలా చెయ్యకు, నీ మంచికే చెప్తున్నాను. తల్లి పోయేదాకా అవే. కూతురికి ఏం జరగబోతోందో చూడకుండానే పోయింది ఆవిడ, అది కాస్త నయం. ఒక రోజు ఎందుకో పుస్తకం పక్కన పెట్టి, ఫోన్ తీసి, మా అమ్మాయికి నేను పెట్టిన మెసేజ్‌లు పైనుంచి చదువుకుంటూ వచ్చాను. రాత్రి జుట్టు తడిగా ఉంచి పడుకోకు. బేస్‌మెంట్‌లో పార్క్ చెయ్యకు. ఆ పెరుగు పారెయ్. ప్రశ్నలు లేవా అంటే ఉన్నాయి. తిన్నావా అంటే తినమని, ఇంకా ఇంటికి రాలేదా అంటే ఆలస్యమైందని. జవాబు కోసం అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా కనిపించలేదు నాకు.

ఆ మహారాణి తన కూతురిని, ఈ పిల్లాడు నీకు ఇష్టమేనా అని ఎక్కడైనా అడిగిందేమోనని వెతికాను. నేను చదివినంతలో లేదు. పద్నాలుగేళ్ళ పిల్లని ఆ రోజుల్లో ఎవరడుగుతారు అనుకున్నాను. మరి ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లని నేనడిగానా? నక్షత్రం అడిగాను. పాదం అడిగాను. చాండ్లర్‌లో ఉన్న మా పిన్నిని, ఆ ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కోమని అడిగాను. దాన్ని అడగలేదు. ఎనిమిది నెలలుగా అది నా ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటూంటే ఒక్కసారి అడగలేదు. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది నాకు.

అప్పటికి ఆగస్టు సగమైంది. బుధవారం, మధ్యాహ్నం పన్నెండు. తలనొప్పని చెప్పి, హైవే ఎక్కి, వాళ్ళ ఆఫీసు పార్కింగ్‌లో కారాపి, కిందికి రమ్మని ఫోన్ చేశాను. నాన్నకేమైనా అయిందేమోనని పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు, కారెక్కమన్నాను. ఎక్కింది. బయట ఎండ మండిపోతోంది, ఏసీ పూర్తిగా పెట్టి కూర్చున్నాం. దారి పొడుగునా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు నాకు.

"ఆ అబ్బాయి నీకు కావాలా?" అన్నాను.

అది ముందు అద్దంలోంచి పార్కింగ్‌లో ఉన్న కార్ల వైపు చూస్తూ కూర్చుంది. తరువాత ముక్కు ఎగబీల్చి నవ్వింది.

"ఎయిట్ మంత్స్ నుంచి ఆన్సర్ రెడీ పెట్టుకున్నా అమ్మా. ఇప్పుడు నువ్వు అడిగితే నాకు ఏం రావట్లేదు."

"తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పు" అన్నాను. జీవితంలో దానితో ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటాను.

"కావాలి" అంది. అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. కారులో టిష్యూలు లేవు, పళ్ళ డాక్టరు ఆఫీసు నుంచి తెచ్చిన పేపర్ కప్పులు తప్ప. కాసేపటికి తేరుకుని, మరి పాయింట్స్ సంగతేంటి అని అడిగింది. పదకొండున్నరే, అందులో నేను చేసేదేమీ లేదు, అబద్ధం చెప్పి పెంచను అన్నాను. నాకు భయంగానే ఉందని కూడా చెప్పాను. ఇప్పటికీ ఉంది, ఎందుకు దాచాలి. ఆ పట్టిక నాన్నగారు నేర్పింది, అంత తేలిగ్గా నా చేతిలోంచి జారిపోదు. భయపడుతూనే నీ పెళ్ళి చేస్తాను, ఆ పని నాకు చేతనవును అన్నాను. అది నా భుజం మీద తల ఆనించింది. చిన్నప్పటి బరువు కాదు, అయినా కదల్లేదు నేను.

తరువాత నా గుణం కొద్దీ ఏర్పాట్లు మొదలుపెట్టేశాను. ఆదివారం ఆ అబ్బాయిని చాండ్లర్ నుంచి ఫ్లైట్ ఎక్కి రమ్మను, మీ నాన్నని ఎయిర్‌పోర్ట్‌కి పంపిస్తాను, గుత్తి వంకాయ చేస్తాను, పులిహోర చేస్తాను, చొక్కా మాత్రం మంచిది వేసుకురమ్మను, పొడుగు జుట్టు ఉంటే కత్తిరించుకోమను అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాను. మా అమ్మాయి సరే సరే అని తలాడిస్తోంది, చిన్నప్పటి నుంచి ఆడించినట్టే. అది చూసి మధ్యలో ఆగిపోయాను.

"అతనికి ఏమిష్టం?" అన్నాను.

అది భుజం మీంచి తలెత్తి నన్ను చూసింది. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. వంకాయ పడదట, దద్దుర్లు వస్తాయట. పప్పుచారు అంటే ప్రాణమట. తక్కువ మాట్లాడతాడట, కానీ ఫోన్లో మాత్రం గంటలు గంటలు మాట్లాడతాడట. అక్కడి నుంచి ఎక్కడికో వెళ్ళింది, వాళ్ళ నాన్నగారి సంగతి, అతను చిన్నప్పుడు పడ్డ కష్టం, ఇద్దరూ దేనికి పోట్లాడుకుంటారో, ఎవరు ముందు సారీ చెప్తారో. దాని లంచ్ టైము ఎప్పుడో అయిపోయింది. ఎనిమిది నెలల మాటలు మరి, అంత తొందరగా తరుగుతాయా. నేను సీటు కాస్త వెనక్కి జరుపుకుని, నోరు మూసుకుని వింటూ కూర్చున్నాను.